ఇరవై లక్షల హామీ, ముప్పై వేల గడప

పేద ముస్లిం విద్యార్థి విదేశాలలో పీజీ చదవడానికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం చెబుతున్నది. 2015లో మొదలైన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం మంచిదే, కాదనము. అయితే ఆ హామీని అందుకోవడానికి వైరాలోని ఒక కుటుంబం ఎన్ని గడపలు దాటాలో పాలకులు ఎన్నడైనా లెక్క వేశారా?

కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపే ఉండాలన్నది ఒక నిబంధన. జీఆర్‌ఈ లేదా జీమ్యాట్, దానితోపాటు టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఉండాలన్నది మరొకటి. జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ రుసుములు కలిపితేనే 30 వేలు దాటుతాయి. శిక్షణకూ, రెండు వందల కిలోమీటర్ల అవతలి హైదరాబాదులో బసకూ అయ్యే ఖర్చు వేరు. ఒక చేత్తో పేదరికపు ధ్రువపత్రం అడిగి, మరో చేత్తో ఇంత సొమ్ము ముందే పెట్టుమనడం ఏ న్యాయం? ఫలితం అనుకూలించకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. మెకానిక్ షెడ్డులో రోజుకూలికి పనిచేసే తండ్రి అంతటి పందెం కాయగలడా?

2020 తరువాత అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈ నిబంధనను ఎత్తివేశాయి. బ్రిటన్‌లో చాలా మాస్టర్స్ కోర్సులకు అది అవసరమే లేదు. చదువు చెప్పేవారు అడగని స్కోరును సాయం చేసేవారు అడగడమేమిటి?

"పరీక్ష అందరికీ ఒకటే కదా" అనేవారున్నారు. పరీక్ష ఒకటే; అక్కడికి చేరే దారి ఒకటి కాదు. ప్రముఖ కళాశాలలలో ప్రతి 50 మంది పీజీ విద్యార్థులలో ఒక్కరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆ అంతరాన్ని పూడ్చవలసిన కేంద్రం 2022లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ, పఢో పరదేశ్ వడ్డీ రాయితీనీ నిలిపివేసింది. అందుకే రాష్ట్ర పథకంలోని ప్రతి నిబంధనా మనకు ప్రాణసమానం.

మన డిమాండ్లు మూడు. అర్హులైన విద్యార్థుల పరీక్ష రుసుమును ప్రభుత్వమే ముందుగా చెల్లించాలి. ఖమ్మంలోనే ఉచిత శిక్షణ ఇవ్వాలి. విశ్వవిద్యాలయం కోరని స్కోరును పథకమూ కోరరాదు.

మన లోపమూ ఒప్పుకుందాం. డిగ్రీ ముగిసేదాకా ఈ పరీక్షల పేర్లు మన ఇళ్లలో వినిపించవు. జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు 2 ఏళ్లు చెల్లుతాయి. కాబట్టి డిగ్రీ రెండో ఏటనే జీఆర్‌ఈకి సిద్ధం కావచ్చు. పెళ్లిళ్లకు అప్పు చేసే మనం, ఆడపిల్ల పరీక్ష రుసుముకు వెనకాడకూడదు. మసీదు కమిటీలు ఏటా ఇద్దరు విద్యార్థుల రుసుమైనా భరించాలి.

అయితే మన చందాలు ప్రభుత్వ బాధ్యతను రద్దు చేయవు. గడప ఎత్తును తగ్గించని దాత, తలుపు తెరిచానని చెప్పుకోరాదు.