ఒక్క కెర్నల్‌పై ఆధారపడ్డ స్వేచ్ఛ

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు వంటి భాగాలను ప్రోగ్రాములకు పంచి, ఒక ప్రోగ్రాం మరొకదాని జోలికి పోకుండా కాపు కాసే ఆపరేటింగ్ సిస్టం అంతర్భాగాన్ని కెర్నల్ అంటారు. ఎవరైనా వాడుకోవడానికి, సోర్స్‌కోడ్ చదివి మార్చుకోవడానికి, తిరిగి పంచడానికి హక్కునిచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం నేడు ఆచరణలో చాలావరకు లినక్స్ అనే ఒకే కెర్నల్ మీద నిలబడి ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్‌కంప్యూటర్లన్నీ దానిమీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే. ఈ విజయాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, లైసెన్సు ఇచ్చే స్వేచ్ఛ వేరు, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే వ్యవస్థకు ఉండవలసిన స్వతంత్రత వేరు అన్న సంగతి ఆ విజయం చాటున మరుగున పడింది.

2024 అక్టోబరులో ఈ తేడా బయటపడింది. లినక్స్ సోర్స్‌కోడ్‌లో ‘మెయింటైనర్స్’ అనే ఫైలు ఒకటి ఉంటుంది. ఏ భాగానికి వచ్చే మార్పులను ఎవరు పరిశీలించి పైకి పంపాలో అందులో పేర్లతో సహా రాసి ఉంటుంది. రష్యాతో ముడిపడిన సుమారు డజను మంది పేర్లను ఆ నెలలో ఒక చిన్న ప్యాచ్, అంటే కోడ్ సవరణ, తొలగించింది. నిబంధనల పాటింపు కోసమేనని మాత్రమే అందులో ఉంది. అమెరికా ఆంక్షలకు గురైన కంపెనీల ఉద్యోగులకు ఇది వర్తిస్తుందని తర్వాత వివరణ వచ్చింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ నిర్ణయాన్ని బహిరంగంగానే సమర్థించారు. ఇందులో లైసెన్సు ఉల్లంఘన ఏమీ లేదు: వారు రాసిన కోడ్ కెర్నల్‌లోనే ఉంది, దాన్ని వాడుకునే హక్కూ వారికి అలాగే ఉంది, ఆ కోడ్‌పై ఇకముందు నిర్ణయాలు తీసుకునే స్థానం మాత్రం పోయింది. ఆంక్షలు సబబా కాదా అన్నది వేరే చర్చ. టోర్వాల్డ్స్‌కు జీతమిచ్చే లినక్స్ ఫౌండేషన్ అమెరికాలో నమోదైన సంస్థ కావడం వల్ల, ప్రపంచమంతటి ఉమ్మడి సొత్తు నిర్వహణలో ఎవరు పాల్గొనవచ్చో ఆ ఒక్క దేశపు విదేశాంగ విధానం తేల్చగలుగుతోందన్నదే ఇక్కడి ప్రశ్న.

నచ్చనివారు కోడ్ తీసుకుని వేరుకుంపటి పెట్టుకోవచ్చు కదా అనే వాదన వినిపిస్తుంది. కాగితం మీద అది నిజమే. అయితే లినక్స్‌లో మూడు కోట్లకు పైగా పంక్తులుంటే వాటిలో సింహభాగం డ్రైవర్లదే, అంటే ఒక్కో హార్డ్‌వేర్ పరికరంతో మాట్లాడే కోడ్‌దే. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌ను స్థిరంగా ఉంచబోమన్నది లినక్స్ ప్రకటిత విధానం కాబట్టి, విడిపోయిన శాఖ సొంత దారి పట్టిన కొద్దీ కొత్త డ్రైవర్లను తెచ్చుకోవడం కష్టమవుతుంది. దగ్గరగా ఉండిపోతే విడిపోయిన ప్రయోజనమే ఉండదు.

లైసెన్సులోనూ ఒక పరిమితి ఉంది. లినక్స్ 1992 నుంచి జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది. మార్చి పంచేవారు తమ మార్పులను కూడా అవే హక్కులతో ఇవ్వాలనే కాపీలెఫ్ట్ నిబంధన దాని ప్రాణం. కానీ ఫోన్ తయారీదారు కెర్నల్ సోర్స్‌కోడ్ ఇస్తూనే, మార్చిన కెర్నల్‌ను ఆ ఫోన్ అంగీకరించకుండా తాళం వేయడాన్ని అది ఆపలేకపోయింది. 2007లో వచ్చిన మూడో వెర్షన్ వినియోగదారులు కొనే పరికరాల విషయంలో ఆ లోపాన్ని సరిదిద్దినా, కాపీరైటు వేలాది మంది చేతుల్లో చెదిరి ఉన్న లినక్స్ దానికి మారే అవకాశం ఆచరణలో లేదు.

బీఎస్‌డీ కుటుంబపు కెర్నళ్లు స్వతంత్రంగానే ఉన్నాయి గానీ, వాటి ఉదార లైసెన్సు కోడ్‌ను తీసుకుని మూసేయడానికి అనుమతిస్తుంది. ఆండ్రూ టానెన్‌బామ్ రూపొందించిన, తర్వాత అదే తరహా లైసెన్సు కిందకు వచ్చిన మినిక్స్ కెర్నల్‌కు పట్టిన గతి దీనికి నిదర్శనం. ఇంటెల్ ప్రాసెసర్లతో పాటు వచ్చే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే అంతర్గత నియంత్రణ వ్యవస్థలో మినిక్స్ నడుస్తోందని 2017లో వెల్లడైంది. కంప్యూటర్ యజమాని తెరచి చూడలేని, మార్చలేని చోట ఒక స్వేచ్ఛా కెర్నల్ పనిచేస్తోందన్నమాట.

కాబట్టి కావలసింది కాపీలెఫ్ట్ రక్షణతో పాటు సొంత నిర్వహణ కలిగిన రెండో కెర్నల్. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు 1990లో హర్డ్‌ను మొదలుపెట్టింది అలాంటి సొంత కాపీలెఫ్ట్ కెర్నల్ కోసమే. ఫైల్ వ్యవస్థ వంటి సేవలను విడి ప్రోగ్రాములకు అప్పగించి, అతి తక్కువ పనులను మాత్రమే తన వద్ద ఉంచుకునే మైక్రోకెర్నల్ మీద అది ఆధారపడింది. అలా విడిపోయిన ప్రోగ్రాముల మధ్య సాగే సందేశాల్లో తప్పులు పట్టుకోవడం అనుకున్నదానికంటే కష్టమైంది. ఈలోగా లినక్స్ అందిరావడంతో అవసరం తీరిందనిపించి పనిచేసే చేతులు అటు మళ్లాయి. అంతమాత్రాన ఆ నిర్మాణ పద్ధతి ఓడిపోలేదు. సుమారు 8,700 పంక్తుల సీ కోడ్ ఉన్న ఎస్ఈఎల్4 అనే మైక్రోకెర్నల్ తన నిర్దేశాల ప్రకారమే నడుస్తుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2009లో గణితపరంగా నిరూపించారు. 2014లో అది జీపీఎల్ కింద విడుదలైంది. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలోని హర్డ్ రూపం డిస్కు డ్రైవర్లను బీఎస్‌డీ కుటుంబంలోని నెట్‌బీఎస్‌డీ నుంచి అరువు తెచ్చుకుని కెర్నల్ వెలుపల నడుపుతోంది కనుక, ప్రతి డ్రైవర్‌నూ మొదటి నుంచి రాయాలన్న భయం కూడా పూర్తిగా నిజం కాదు.

భారతదేశానికి ఈ చర్చ దూరమైనది కాదు. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ ఆపరేటింగ్ సిస్టం, రక్షణ శాఖ 2023లో చేపట్టిన మాయా, తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన ఆపరేటింగ్ సిస్టం, ఇవన్నీ లినక్స్ కెర్నల్ మీదే ఆధారపడ్డాయి. వీటిని స్వదేశీ అని పిలవడంలో తప్పు లేకపోయినా, ఆ స్వదేశీతనం కెర్నల్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. అలాగని జాతీయ కెర్నల్ పేరిట మరో ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని తెచ్చుకుంటే రోగం మారదు, వైద్యుడు మారతాడంతే. వేర్వేరు దేశాల్లోని విశ్వవిద్యాలయాలు, సంస్థలు కలిసి నిర్వహించే ప్రాజెక్టుకు ప్రజాధనం దీర్ఘకాలం అందడం మేలు.

మొదట అన్ని ల్యాప్‌టాపుల మీదా నడవాలన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. సర్వర్లలోని వర్చువల్ యంత్రాలకు, అంటే ఒక కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లకు, వర్టియో ప్రమాణం పాటించే కొద్దిపాటి పరికరాల డ్రైవర్లు చాలు. అక్కడ నిలదొక్కుకున్నాక ఐఐటీ మద్రాస్ శక్తి వంటి బహిరంగ డిజైన్ ప్రాసెసర్ల వైపు అడుగు వేయవచ్చు. ఎంతమంది వాడతారన్న ప్రశ్నకు సోర్స్‌కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ల చరిత్ర జవాబు చెబుతుంది: పోటీగా క్లాంగ్ వచ్చాక పాత కంపైలర్ జీసీసీ కనుమరుగు కాలేదు, పైగా దాని దోష సందేశాలు మెరుగుపడ్డాయి. రెండో కెర్నల్‌ను ఎన్నడూ వాడనివారికి సైతం దానివల్ల లాభమే, ఎందుకంటే పోవడానికి మరోచోటు ఉన్నవారి అభ్యంతరాన్ని ఏ నిర్వాహకులూ తేలిగ్గా తోసిపుచ్చలేరు.