అధిక ఋతుస్రావము: గర్భసంచి తీయించుట యొక్కటియేనా మార్గము?

ముప్పదియాఱేండ్ల సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. ఇద్దఱు బిడ్డల తల్లి. ముట్టు వచ్చిన ఎనిమిది దినములును గడ్డలుగా రక్తము పోవుచున్నదట. నాలుగు మెట్లెక్కిన నాయాసమట. ‘పిల్లలు చాలుగదా, గర్భసంచి తీయించివేసిన పీడ వదలును’ అని అత్తగారును, చూచిన వైద్యుడును ఒక్కమాటగా చెప్పిరట.

ఈ మాట మన తెలుగునాట మిక్కిలి సులభముగా వినబడుచున్నది. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 కాగా, తెలంగాణములో 7.7, ఆంధ్రప్రదేశములో 8.9. ఇంత భేదము రోగమువలననే వచ్చినదని మేము నమ్మజాలము. అనవసరముగా జరుగు నిట్టి శస్త్రచికిత్సలను గూర్చిన వ్యాజ్యములో 2023లో సుప్రీంకోర్టు, కేంద్రప్రభుత్వపు నియమావళిని మూడు నెలలలో అవలంబింపవలెనని రాష్ట్రముల కాజ్ఞాపించినది.

మొదట కారణము తెలియవలెను. రక్తపరీక్షయు, స్కానింగును చేయించి, ఫైబ్రాయిడు గడ్డ లున్నవో లేవో చూడవలెను. నలుబదియైదేండ్లు దాటినవారికి గర్భసంచి లోపొరను పరీక్షించుట ముఖ్యము. రక్తహీనత యున్నచో ఇనుము మాత్రలు వెంటనే ప్రారంభింపవలయును. చికిత్స యేదో తేలువఱకు ఆగనక్కఱలేదు.

మందులలో ట్రానెక్సామిక్ ఆసిడ్ ముట్టు దినములలో మాత్రమే మ్రింగునది; స్రావమును ఇంచుమించు సగమువఱకు తగ్గింపగలదు. ప్రసవసమయమున రక్తము పోయి తల్లులు మరణించుట చూడలేక, జపానులో ఉటాకో ఒకమోటో యను స్త్రీ భర్తతో గూడి పరిశోధించి 1962లో దీనిని లోకమునకు వెల్లడించినది. రక్తనాళములలో గడ్డకట్టు జబ్బు వచ్చినవారు దీనిని వాడరాదు. మెఫెనమిక్ ఆసిడ్ అంతగా తగ్గింపదుగాని నొప్పిని గూడ పోగొట్టును. కడుపులో పుండున్నవారికి తగదు. హార్మోను మాత్రలును గలవు.

వీనికంటె మిన్నగా పనిచేయునది లెవోనార్జెస్ట్రెల్ అను హార్మోనును కొంచెముకొంచెముగా విడుచు చిన్న సాధనము. దీనిని గర్భసంచిలో నమర్తురు. ఐదేండ్లు పనిచేయును, గర్భమును నిరోధించును. బ్రిటనులో 571 మంది స్త్రీలపై జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో, రెండేండ్ల కాలమున మాత్రలకంటె దీనివలననే వారి నిత్యజీవనము హెచ్చుగా బాగుపడినది. అయితే తొలి నెలలలో వేళగానివేళ మరకలు కనబడును. ఈ సంగతి ముందుగా చెప్పువారు లేక, పలువురు బెదరి తీయించివేయుదురు.

శస్త్రచికిత్స కూడదని మేమనము. క్యాన్సరునకును, మందులకు లొంగని పెద్ద గడ్డలకును అదియే తగును. ముట్టు మరల రాదు. కాని అండాశయములను గూడ తీసివేసిరా, ముట్లుడుగుట ఆ దినముననే జరుగును. పిన్నవయస్సున నట్లయిన ఎముకలు పెళుసుబాఱును, గుండెజబ్బు భయము హెచ్చును. సమ్మతి కాగితముపై వ్రేలు పెట్టుటకు ముందు, అండాశయముల నుంచెదరా తీసెదరా యని అడుగుట మఱవరాదు.

ఆ సోదరి మఱియొక స్త్రీవైద్యురాలి నభిప్రాయ మడుగవలెనని మా సలహా. గంటగంటకు గుడ్డ తడిసినను, కన్నులు తిరిగినను ఆలసింపక ఆసుపత్రికి పోవలయును. హిమోగ్లోబిన్ ఎంత యున్నదో, స్కానింగులో నేమి తేలినదో మాకు వ్రాసిన, వచ్చు సంచికలో మరల ముచ్చటింతుము.