మడత పెడితే పిసినారితనమా?

పెళ్లివారింట కానుకల పొట్లాలు విప్పేటప్పుడు ఒకావిడ టేపు మెల్లగా ఊడదీసి, కాగితం నలగకుండా మడత పెట్టుకుంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లకి ఎంత నవ్వో! "ఏటి పిన్నీ, కాయితాలతో మేడ కడతావేటి?" అని వెక్కిరింపు. చరచరా చింపి మూలకి విసిరినవాడు మాత్రం దర్జా మనిషి! ఇదెక్కడి న్యాయమండీ?

విసిరిన ఆ మెరుపు కాగితాన్ని ఓసారి గుప్పిట్లో నలిపి వదలండి. ఉండలాగే ఉండిపోతే కాగితం. మళ్లీ విచ్చుకుందా, అందులో ప్లాస్టిక్ ఉన్నట్టే. పాతకాగితాలు కొనేవాడు దాన్ని పక్కకి తోసేస్తాడు. చివరికి భోగిమంటలో పడుతుంది. పొగ పీల్చేది మన పిల్లలే. మిఠాయి పెట్టెలకీ, శుభలేఖలకీ చుట్టే ప్లాస్టిక్ పొరని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. కానుకల మీది తళుకు మాత్రం అలాగే వెలిగిపోతోంది!

దాచిన కాగితానికి పనులు తక్కువా? సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లకి పరచండి. పిల్లల నోటుపుస్తకాలకి అట్టలు వేయండి. చిరుగు ముక్కలుంటే తోరణాలు కత్తిరించండి. ఆవకాయ జాడీ దరికి మాత్రం తీసుకెళ్లకండి, ఆ రంగులు తిండికి తగలకూడదు.

అసలు నాకు ఒళ్లు మండేది పొందూరు ఖద్దరు చీరకి కూడా ఈ తళుకు చుట్టినప్పుడు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టండీ అది! దానికి ప్లాస్టిక్ ముసుగా? పనస చెక్కతో చేసిన బొబ్బిలి బుల్లి వీణకీ అదే గతి. ఓ మంచి జాకెట్టు గుడ్డలో చుట్టి, ముడేసి ఇవ్వండి. అందుకున్నావిడ దాన్ని చింపదు, దర్జీకిస్తుంది.