పాట మత్తు చాలదూ?

ఈ వారం వచ్చిన వుత్తరాల కట్టలో ఒకటి తక్కినవాటన్నిటికంటె ముందు జవాబు కోరుతున్నట్టు కనబడింది. హైదరాబాదు నుంచి ఒక సోదరి రాశారు. పేరు వెయ్యవద్దన్నారు గనక వెయ్యడం లేదు. వుత్తరం పెద్దది, సారాంశం యిది:

“మావారికి సంగీతమంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో ఎక్కడ కచేరీ జరిగినా యిద్దరం వెళ్ళేవాళ్ళం. రానురాను ఆయనకి పాట వినాలంటే చేతిలో గ్లాసు వుండి తీరాలన్నంత వరకూ వచ్చింది. ఆ గ్లాసు కచేరీ దాటి మా యింట్లోకీ వచ్చింది. ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. ఎనిమిది నెలల కిందట తనంతట తనే డాక్టరు దగ్గరికి వెళ్ళి మానేశారు. ఇంతవరకూ ముట్టలేదు. కాని దానితోపాటు పాట కూడా మానేశారు. ఇంట్లో నేను పాట పెడితే లేచి వరండాలోకి వెళ్ళిపోతారు. ఇప్పుడు స్నేహితులు అరుణాచల ప్రదేశ్‌లో జిరో అనే చోట నాలుగు రోజుల సంగీతోత్సవానికి పోతున్నారు. మా యిద్దర్నీ రమ్మంటున్నారు. ఆయన్ని అడిగితే ‘నీ యిష్టం’ అంటారు. వెళ్దామంటే భయం. వద్దందామంటే ఆ ముఖం చూడలేను. నన్నేం చెయ్యమంటారు?”

అమ్మాయీ! నీ వుత్తరంలో నన్ను ఆపేసిన మాట తాగుడు గురించి కాదు. పాట పెడితే ఆయన వరండాలోకి వెళ్ళిపోతారన్నావే, అది. ఆయన మానుకోవలసింది ఒకటి, మానుకొన్నవి రెండు. ఆ రెండోదాన్ని ఆయనకి తిరిగి యివ్వడం ఎలాగన్నదే అసలు ప్రశ్న. జిరో వెళ్ళడమా, మానడమా అన్నది దాని తరవాత.

ఆయన పాటకి భయపడడం పిచ్చితనం కాదు. ఏళ్ళ తరబడి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి మనస్సులో ముడిపడిపోతాయి. కాఫీ వాసన తగిలితే పత్రిక కోసం చెయ్యి చాచేవాళ్ళు లేరూ? అలాగే ఆ డోలు, ఆ గిటారు, ఆ దీపాలు, ఆ స్నేహితులు — యివన్నీ కలిసి పాత కోరికని తట్టి లేపుతాయి. ఇది మనిషి గుణం తక్కువై జరిగేది కాదు. మెదడు నేర్చుకొన్న పాఠం. నేర్చుకొన్నదాన్ని మరిచిపోవడం కష్టమే గాని, దాని మీద కొత్త పాఠం రాయడం సాధ్యమే. కొత్త పాఠం ఏమిటంటే, గ్లాసు లేకుండా పాట.

అసలు ఆ ఆనందం గ్లాసులో వుందా, పాటలో వుందా అని శాస్త్రజ్ఞులు వేరే చూశారు. కెనడాలో మాంట్రియాల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు 2011లో ఒక పరిశోధన ప్రకటించారు. తమకి యిష్టమైన సంగీతం వింటూ, ఒళ్ళు గగుర్పొడిచే ఘట్టం వచ్చినప్పుడు మనుషుల మెదడులో డోపమీన్ అనే పదార్థం వూరుతుందని అందులో తేలింది. మంచి భోజనానికీ, మత్తు పదార్థానికీ మెదడులో కదిలేది కూడా యీ డోపమీనే. అంటే పాటకి తన మత్తు తనకే వుంది. అరువు మత్తు అక్కర్లేదు. పైగా మందు చేసే పని మెదడుని మందగింపజెయ్యడం. కొత్త జ్ఞాపకాలు నిలవడం తగ్గుతుంది. వేలు పోసి టిక్కెట్టు కొని, తెల్లవారాక “నిన్న చివర పాడిందెవరు?” అని పక్కవాణ్ణి అడిగే రసికత్వం ఏం రసికత్వం?

సంగీతోత్సవమంటే తాగుడుతోనే పుట్టిందని కొందరికి ఒక నమ్మకం. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ ఉత్సవం వుంది. ఇవాళ దానికి రెండు లక్షలమంది వస్తారు. 1970లో మైకేల్ ఈవిస్ అనే పాడి రైతు తన పొలంలో దాన్ని మొదలుపెట్టినప్పుడు వచ్చినవాళ్ళు 1,500 మంది. టిక్కెట్టు ఒక్క పౌను. టిక్కెట్టుతోపాటు వుచితంగా యిచ్చిందేమిటో తెలుసా? వాళ్ళ పొలంలో పితికిన పాలు! అక్కడ తరవాత మందు పారలేదని కాదు, బాగానే పారింది. అయినా దాని పుట్టుక మాత్రం పాల చెంబుతోనే.

మన పండిత్ రవిశంకర్‌గారి సంగతి చూడు. 1967లో అమెరికాలో మాంటెరే ఉత్సవంలోనూ, 1969లో వుడ్‌స్టాక్‌లోనూ ఆయన సితారు వాయించారు. వుడ్‌స్టాక్‌లో వానలోనే వాయించారు. బురదలో మత్తుగా పడివున్న ఆ జనాన్ని చూస్తే మన దేశంలో బురదలో మునిగివుండే గేదెలు జ్ఞాపకం వచ్చాయని తరవాత రాసుకొన్నారు. మత్తులో వినేవాళ్ళకి తన సంగీతం చేరడం లేదని ఆయన బాధ. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన కచేరీలో, వాయిద్యం మొదలుపెట్టేముందు సభలో పొగ తాగవద్దని కోరారు. వాయించేవాడు వినేవాడి దగ్గర కోరేది డబ్బొక్కటే కాదు. తెలివిగా వున్న చెవి కూడా.

మనకి యిది కొత్తా? తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున పంచరత్న కీర్తనలు పాడే ఆ వందలమంది ముఖాలు చూస్తే మత్తు కనబడదంటావా? కావలసినంత! మదరాసులో డిసెంబరు కచేరీలు వినడానికి వెళ్ళినవాళ్ళు సభ కాంటీనులో కాఫీ, రవ్వదోసె సంగతి రాగాలతో సమానంగా చెప్పుకొంటారు. చేతిలో ఏదో ఒకటి వుండాలన్నంతవరకూ నిజమే. అది ఫలానాదే అయివుండాలని మాత్రం లేదు.

అయితే మీవారు మనస్సు పారేసుకొన్నది ఆ సంగీతం మీద కాకపోవచ్చు. గిటార్లు, డ్రమ్ములు, ఆరుబయట వేలమంది నడుమ చిందులు — అదే ఆయనకి యిష్టమేమో. దానికీ దారి వుంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం వుండేది. వాళ్ళ కచేరీల్లో మందూ మత్తూ ఏరులై పారేవి. తాగుడు మానుకొన్న అభిమానులకి యిదే చిక్కు వచ్చింది: పాట కావాలి, మత్తు వద్దు. వాళ్ళు 1980లలో ఒక గుంపుగా చేరి, ఆ బృందం పాట పేరే పెట్టుకొని “వార్ఫ్ ర్యాట్స్” అనుకొన్నారు. కచేరీ ఆవరణలో ఒక బల్ల వేసి, పసుపు పచ్చని బుడగలు కట్టేవారు. విరామంలో మానుకొన్నవాళ్ళంతా ఆ బుడగల కింద చేరి నాలుగు మాటలు చెప్పుకొని, మళ్ళీ పాటకి వెళ్ళేవారు. వాళ్ళు ఎవరికీ నీతులు చెప్పలేదు, తాగేవాళ్ళని తిట్టలేదు. “నేనొక్కణ్ణే కాదు” అన్న ధైర్యం కోసమే ఆ బుడగ.

అమ్మాయీ, జిరోలో మీవారికి ఆ పసుపు బుడగవి నువ్వే. కాని ఒక్క మాట. బుడగ వేరు, పోలీసు వేరు. ఆయన ఎటు తిరిగితే అటు చూపు తిప్పడం, దగ్గరికొచ్చి ఊపిరి వాసన చూడడం మొదలుపెట్టావా, పాట నీకూ వుండదు, ఆయనకీ వుండదు.

వెళ్ళాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు ఆయన్ని మూడు ప్రశ్నలు అడుగు. మొదటిది: “నీకు వెళ్ళాలని వుందా?” దీనికి ‘నీ యిష్టం’ జవాబు కాదు. రెండోది: “ఆ స్నేహితులతో నేను మానేశాను అని నోరు విప్పి చెప్పగలవా?” మూడోది: “మధ్యలో వెళ్ళిపోదామనిపిస్తే నాతో వెంటనే చెబుతావా?” మూడింటికీ ఆయన తడుముకోకుండా జవాబు చెబితే, వైద్యం చేసిన డాక్టరుగారిని కూడా ఒకసారి కనుక్కొని, బయలుదేరండి. తడుముకొంటే యీ యేడు వద్దు. ముందు చిన్న మెట్టు ఎక్కండి. పూనాలో భీమ్‌సేన్ జోషీగారు 1953లో గురువుగారి పేర ప్రారంభించిన సవాయి గంధర్వ ఉత్సవం డిసెంబరులో జరుగుతుంది. కలకత్తాలో డోవర్ లేన్ సంగీత సమ్మేళనం జనవరిలో, రాత్రంతా పాటే. అంత దూరం ఎందుకనుకొంటే మీ వూళ్ళోనే ఒక సాయంకాలం కచేరీ. ఒకసారి గ్లాసు లేకుండా చివరిదాకా కూచున్నాక ఆయనకే తెలుస్తుంది.

ఇక వెళ్ళేటట్టయితే జిరో సంగతులు. 2012లో మొదలైన యీ ఉత్సవం మామూలుగా సెప్టెంబరు చివర జరుగుతుంది. అపతానీ తెగవారి లోయ అది. వరి మడుల్లోనే చేపలు పెంచే నేర్పరులు వాళ్ళు. వెదురుతో కట్టిన వేదికలు రెండు — పగటికొకటి, రాత్రికొకటి. రాష్ట్రంలోకి వెళ్ళడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అక్కడ యింటింటా బియ్యంతో చేసే ‘అపాంగ్’ వుంటుంది. వెదురు గ్లాసులో మర్యాదగా అందిస్తారు. అది వాళ్ళ ఆచారం. చెయ్యి జోడించి “డాక్టరు వద్దన్నారు” అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. దాన్ని ‘బియ్యం నీళ్ళే కదా’ అనుకోవద్దు, అదీ మందే.

నేను చెప్పే జాగ్రత్తలు యివి. బస స్నేహితుల గుడారాల మధ్య కాకుండా, వూళ్ళో ఏ యింట్లోనో గది తీసుకోండి. సాయంకాలమయ్యేసరికి కడుపు నిండుగా తినండి. ఆకలి, అలసట, ఒంటరితనం — యీ మూడూ కలిసినప్పుడే కోరిక గట్టిగా పట్టుకొంటుంది. లోపల అడుగుపెట్టగానే ఆయన చేతిలో టీయో, నిమ్మసోడాయో వుండాలి. నిండుగా వున్న చేతికి ఎవరూ యింకో గ్లాసు అందించరు. పగటి వేదిక పూర్తిగా వినండి. రాత్రి యిష్టమైన రెండు బృందాలు విని వచ్చెయ్యండి. మీ యిద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి — “చలేస్తోంది” అన్నారంటే అర్థం “పోదాం పద”. నువ్వు కారణం అడక్కూడదు.

చలి మాట వచ్చింది గనక చెబుతున్నాను. జిరో సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన వుంది. రాత్రి చలి గట్టిదే. మందు వేడి చేస్తుందని అందరూ అంటారు. చర్మం కిందికి రక్తం ఎక్కువగా పారి వేడిగా తోస్తుంది. నిజానికి ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఉన్ని స్వెట్టరుకు మించిన మందు లేదు. చెవుల సంగతి కూడా: 85 డెసిబెల్ శబ్దం 8 గంటలు వినవచ్చుగాని, 100 డెసిబెల్ అయితే 15 నిమిషాలే. చెవుల్లో పెట్టుకొనే మెత్తటి బిరడాలు కొని తీసుకెళ్ళండి. వాటితో పాట పోదు. మరునాటి హోరు పోతుంది.

మద్యం లేని బీరని సీసాలు వస్తున్నాయి, అవి యివ్వవచ్చా అని నువ్వు అడగలేదు గాని, స్నేహితులు అడుగుతారు. మామూలు మనిషికి అవి మంచివే. మీవారికి మాత్రం వద్దు. ఆ రుచి, ఆ వాసన, ఆ సీసా పట్టుకొనే తీరు — అవే కదా పాత పాఠం!

ఇదంతా చదివి “మేం పూర్తిగా మానం, కొంచెమే పుచ్చుకొంటాం, మాకేమీ చెప్పరా?” అనే పాఠకులూ వుంటారు. చెబుతాను. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో దాదాపు 25 గ్రాముల ఆల్కహాలు వుంటుంది. కాలేయం గంటకి ఖర్చు చేసేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. అంటే ఒక్క సీసాకే మూడు గంటలు. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకొన్నా ఆ లెక్క మారదు. కాబట్టి ‘కొంచెం’ ఎంతో యింటి దగ్గరే నిర్ణయించుకోండి. అక్కడికి వెళ్ళాక నిర్ణయించేది మీరు కాదు, మొదటి గ్లాసు. అన్నం తిన్నాకే పుచ్చుకోండి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఒక గ్లాసు నీళ్ళు తాగండి. బండి నడిపేవారికి ‘కొంచెం’ కూడా లేదు. ఆరోగ్యానికి ఏ మోతాదూ పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. తెలిసి పుచ్చుకోవడం మీ యిష్టం.

మళ్ళీ నీ దగ్గరికి, అమ్మాయీ. ఇన్ని జాగ్రత్తలూ పడ్డా ఒకవేళ కాలు జారితే? లోకం మునిగిపోదు. ఎనిమిది నెలలు ఆయన సంపాదించుకొన్నది ఒక్క రాత్రితో సున్నా కాదు. అప్పుడు తిట్టకు, ఏడవకు. మర్నాడే డాక్టరు దగ్గరికి నడిపించు. ఏ వేళనైనా మాట్లాడాలంటే ప్రభుత్వం వారి టెలీమానస్ 14416 వుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ముందు మాత్రం యీ పని చెయ్యి. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక, యిద్దరికీ కాఫీ కలిపి, పెళ్ళయిన కొత్తలో మీరిద్దరూ కలిసి విన్న పాట ఒకటి చిన్నగా పెట్టు. ఆయన లేచి వరండాలోకి వెళితే, నువ్వూ కప్పులు పట్టుకొని వరండాలోకే వెళ్ళు. పాట అక్కడికీ వినబడుతుంది. ఆ పాట అయ్యేదాకా ఆయన కూర్చోగలిగారా, జిరో దూరం సగం తగ్గినట్టే. ఏం జరిగిందో మళ్ళీ రాయి.