బుర్ర లేని నాగసరం

మా పక్కింటి కుర్రాడు మొన్న వచ్చి, ‘‘బాబాయిగారూ, ‘నాగిన్’ సినిమాలో నాగసరం ఊదిన పాములవాడెవరండీ?’’ అన్నాడు. నవ్వాను గానీ, వాడి వయసులో నేనూ అలా అనుకున్నవాణ్ణే. నిజం పాములవాణ్ణి ఎక్కణ్ణించో పట్టుకొచ్చి మైకు ముందు కూచోబెట్టారని నా గట్టి నమ్మకం!

పాములవాడూ లేడు, సొరకాయ బుర్రా లేదు. 1954లో వచ్చిన ఆ హిందీ చిత్రానికి సంగీతం హేమంత్ కుమార్. ఆ ‘నాగసరం’ పలికించింది కళ్యాణ్‌జీ. అవును, తర్వాత తమ్ముడితో కలిసి కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ అయిన ఆయనే. వాయించింది క్లావియోలిన్ అనే కరెంటు వాయిద్యం. తోడుగా హార్మోనియం పట్టింది రవి. ఆయనా తర్వాత పేరున్న సంగీత దర్శకుడయ్యారు. చిత్రసంగీతానికి ఫిలింఫేర్ బహుమతి హేమంత్ కుమార్‌కి వచ్చింది. వాయిద్యానికి మాత్రం పేరు దక్కలేదు. జనం నోట అది ‘బీన్’గానే ఉండిపోయింది.

ఇంతకీ ఏమిటా క్లావియోలిన్? 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఆయన తయారుచేశారు. మూడు స్థాయిల బుల్లి మెట్ల పలక ఒకటి, స్పీకరున్న పెట్టె ఒకటి, అంతే. తిత్తి లేదు, తీగ లేదు. పాతకాలం రేడియోల్లో ఉండేలాంటి వాల్వులు పుట్టించే కరెంటు కంపనమే స్వరం. ధ్వని పెంచడానికీ తగ్గించడానికీ మోకాలితో నెట్టే మీట ఉంటుంది. స్విచ్చులు మారిస్తే నాదం మారుతుంది, వణుకూ వస్తుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. పియానో అలవాటున్నవాళ్ళకి ఇది పెద్ద లోపం. కానీ శ్రుతి గొట్టం సంగతి వదిలేస్తే, పాములవాడి పాటా ఒక స్వరం వెంట ఒక స్వరంగా సాగేదే కదా! ముక్కుతో పలికినట్టుండే ఆ జీర, ఆ వణుకు... లోపమే అతికినట్టు సరిపోయింది.

ఇదే వాయిద్యం లండన్‌లో జో మీక్ చేతిలో పడింది. తోలు సామాన్ల కొట్టు పైన అద్దె వాటా, అదే ఆయన ఇల్లూ స్టూడియోనూ. 1962లో ‘టోర్నడోస్’ బృందం చేత చేయించిన ‘టెల్‌స్టార్’లో ముఖ్యమైన బాణీ పలికింది క్లావియోలినే. ఆ ఏడే ఎగిరిన ఉపగ్రహం పేరది. రికార్డు అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. ఒక ఫ్రెంచి స్వరకర్త తన బాణీ కాజేశారని దావా వేయడంతో రాయల్టీ డబ్బు ఆగిపోయింది. 1967 ఫిబ్రవరిలో మీక్ తన ఇంటి యజమానురాల్ని కాల్చి, తానూ కాల్చుకున్నారు. దావా ఆయన పక్షానే తేలింది, ఆయన పోయాక.

అన్నట్టు, మావాడు కిందటి నెల మా వీధి పెళ్ళి ఊరేగింపులో బ్యాండు ముందు నోట్లో జేబురుమాలు పెట్టుకుని నాగసరం ఊదినట్టు తెగ ఊగాడు. ‘‘నువ్వు ఊదింది ఫ్రెంచి వాల్వుల పెట్టెరా’’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘‘మరి మోకాలితో కూడా ఆడించాలాండీ?’’ అన్నాడు.