షంట్ అమర్చడంతో ముగియని చికిత్స: తలలో నీరు చేరిన పిల్లలకు దూరమే గండం

బిలాస్‌పూర్: తలలో నీరు చేరిన పసిబిడ్డకు శస్త్రచికిత్స చేసి, కుట్లు విప్పి ఇంటికి పంపిన రోజును తల్లిదండ్రులు గండం గడిచిన రోజుగా భావిస్తారు. వైద్యశాస్త్రం మాత్రం దానిని సుదీర్ఘ పర్యవేక్షణకు తొలిరోజుగా పరిగణిస్తుంది. హైడ్రోసెఫాలస్ చికిత్సలో ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు అనేకం ఈ రెండు అవగాహనల మధ్య ఉన్న అంతరం నుంచే పుడుతున్నాయి.

హౌరా–ముంబయి ప్రధాన రైలు మార్గంలో బిలాస్‌పూర్ జంక్షన్‌కు చేరువలో ఉన్న లాల్‌ఖదాన్ వంటి ప్రాంతాలకు ఈ అంతరం కిలోమీటర్లలో కూడా కనిపిస్తుంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌లో, ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. రాయ్‌పూర్ ఎయిమ్స్‌కు వెళ్లాలంటే రైలులో సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణించాలి. విశాఖపట్నం చేరాలంటే రాత్రంతా రైలులో గడపాలి. పురుడు పుట్టింట్లో, కాపురం ఇక్కడ అన్న ఇళ్లలో బిడ్డకు శస్త్రచికిత్స ఒక రాష్ట్రంలో జరిగి, పెంపకం మరో రాష్ట్రంలో సాగే అవకాశం ఎక్కువ. అటువంటప్పుడు వైద్య పత్రాలు ఒకచోట, బిడ్డ మరొకచోట ఉండిపోతారు.

షంట్ పనితీరు

పెద్దల మెదడులో రోజుకు దాదాపు అర లీటరు మస్తిష్క ద్రవం తయారై, తిరిగి రక్తంలో కలుస్తుంది. పుట్టుకతో వచ్చే లోపాలు, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల మెదడులో రక్తస్రావం, క్షయ సహా వివిధ కారణాలతో వచ్చే మెదడువాపు, కణితులు ఈ ప్రవాహానికి అడ్డుపడితే ద్రవం పేరుకుని మెదడును నొక్కుతుంది. ఆ ద్రవాన్ని చర్మం కింద అమర్చిన సన్నని గొట్టం ద్వారా పొట్టలోకి మళ్లించేదే షంట్. ఎంత ద్రవం పోవాలో మధ్యలోని వాల్వు నియంత్రిస్తుంది.

ఈ సాధనం ప్రాణదాత అనడంలో సందేహం లేదు. అయితే శరీరంలో అమర్చే సాధనాల్లో ఎక్కువగా మొరాయించే వాటిలో ఇదీ ఒకటి. పిల్లల షంట్ వాల్వులపై 1998లో వెలువడిన ప్రముఖ అంతర్జాతీయ పరీక్షలో, తొలి ఏడాదిలోనే ప్రతి 10 మందిలో దాదాపు నలుగురికి షంట్ విఫలమైంది. రెండేళ్లు గడిచేసరికి సగానికి పైగా విఫలమయ్యాయి. గొట్టం పూడుకుపోవడం ప్రధాన కారణం. బిడ్డ ఎదిగే కొద్దీ గొట్టం పొడవు చాలకపోవచ్చు, విరిగిపోవచ్చు, స్థానం తప్పవచ్చు. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలల్లో ఇన్‌ఫెక్షన్ ముప్పు అధికం. ద్రవం అవసరానికి మించి పోతే మెదడు పొరల కింద రక్తం చేరే ప్రమాదమూ ఉంది.

పొరబడితే ప్రమాదం

షంట్ మూసుకుపోయిందని తెలిపే లక్షణాలు మామూలు జబ్బుల వేషంలో వస్తాయి. పసిబిడ్డలో మాడు ఉబ్బడం, తల చుట్టుకొలత త్వరగా పెరగడం, కళ్లు కిందికి వాలినట్టు కనిపించడం, పాలు తాగకపోవడం ప్రధాన సూచనలు. పెద్ద పిల్లల్లో తలనొప్పి, వాంతులు, మగత, చూపు మసకబారడం, చదువులో వెనకబడటం కనిపిస్తాయి. వాంతులను అజీర్తిగా, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన జ్వరాన్ని మలేరియాగా భావించి మందులిస్తే విలువైన గంటలు చేజారిపోతాయి. షంట్ ఉన్న బిడ్డ మగతగా ఉంటే, మరో కారణం రుజువయ్యే వరకు షంట్‌నే అనుమానించాలన్నది న్యూరోసర్జరీలో పాటించే నియమం.

తల్లిదండ్రుల పట్టుదల ఈ సాధనం చరిత్రనే మలుపు తిప్పింది. బాలసాహిత్య రచయిత రోల్డ్ డాల్ కుమారుడు 1960లో న్యూయార్క్‌లో ట్యాక్సీ ఢీకొని గాయపడగా, అమర్చిన షంట్ పదేపదే పూడుకుపోయింది. దీంతో డాల్ ఇంజినీరు స్టాన్లీ వేడ్, శస్త్రవైద్యుడు కెన్నెత్ టిల్‌లతో కలిసి 1962లో చవకైన కొత్త వాల్వును రూపొందించారు.

ధర ఒక్కటే అడ్డంకి కాదు

భారత్‌కు సాధనం కొరత లేదు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను ఉగాండాలో ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూసి, 2005లో ఫలితాలు ప్రచురించారు. అప్పటి ధరల్లో ఒకటి 35 డాలర్లు, మరొకటి 650 డాలర్లు. అయినా ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరోవైపు, యాంటీబయాటిక్ పూత ఉన్న గొట్టాలతో ఇన్‌ఫెక్షన్ 6 శాతం నుంచి 2 శాతానికి తగ్గినట్టు బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిగిన పరీక్ష 2019లో తేల్చింది. కొందరికి గొట్టం అవసరం లేకుండా ఎండోస్కోపీతో ద్రవానికి కొత్త దారి ఏర్పరచవచ్చు. అది అందరికీ సరిపడదు, ఆ దారి తిరిగి మూసుకుపోనూ వచ్చు. ఏ మార్గం ఎంచుకున్నా పర్యవేక్షణ తప్పదు.

లోపం ఉన్నది ఇక్కడే. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు రక్షణ కల్పిస్తోంది. రాష్ట్రం మారినా అది వర్తిస్తుంది. కానీ ఆసుపత్రిలో చేరిన సందర్భాన్నే ప్రధానంగా లెక్కించే బీమా, ఏళ్ల తరబడి సాగే సమీక్షల రానుపోను ఖర్చులను, కోల్పోయే కూలిని పట్టించుకోదు.

దీనికి పరిష్కారం భారీ వ్యయంతో కూడినదేమీ కాదు. శస్త్రచికిత్స తేదీ, వాల్వు రకం, బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసిన స్కాన్, అత్యవసర ఫోన్ నంబరు ఉన్న కార్డును ఇంటికి పంపేటప్పుడే ఇవ్వవచ్చు. ఆ కార్డు తల్లికి వచ్చిన భాషలో, స్థానిక వైద్యునికి అర్థమయ్యే భాషలో ఉండాలి. టీకాల రోజున టేపుతో తల చుట్టుకొలత కొలవడానికి ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి సేవలందిస్తున్న మితానిన్ కార్యకర్తలకు శిక్షణ ఇవ్వవచ్చు. లక్షణాలు కనిపించిన వెంటనే జిల్లా ఆసుపత్రి స్కాన్ తీసి, న్యూరోసర్జన్‌కు పంపే ఏర్పాటు ఉండాలి.

చేసిన శస్త్రచికిత్సల సంఖ్య ప్రభుత్వ నివేదికల్లో కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఎందరి షంట్లు పనిచేస్తున్నాయన్నదీ లెక్కలోకి వచ్చినప్పుడే లాల్‌ఖదాన్ వంటి చోట్ల పెరిగే బిడ్డకు ఆ శస్త్రచికిత్స ఫలం పూర్తిగా దక్కుతుంది.