పద్దు చెప్పవలసిన ప్రతినిధి

ఇల్లు నడుపు గృహస్థు సంవత్సరాంతమున చిట్టా విప్పి, వచ్చినదెంత, పోయినదెంత, వైద్యునకిచ్చినదెంత అని చూచుకొనును. రాజ్యమునకును అట్టి చిట్టా కలదు. దానికి బడ్జెటని పేరు. గృహస్థు తన సొమ్మునకు తానే లెక్క చూచుకొనును. రాజ్యపు సొమ్ము మనది. లెక్క చూచువాడు మనము పంపిన శాసనసభ్యుడు. అతడు చూచిన లెక్క మనకు వచ్చి చెప్పవలయునా, అక్కరలేదా?

నియోజకవర్గముల పునర్విభజన పిమ్మట ఉప్పల్ స్థానమునకు 2009లో మొదటి ఎన్నిక జరిగెను. ఆ యేట కాంగ్రెసు పక్షమున బండారి రాజిరెడ్డిగారు, 2014లో భారతీయ జనతా పార్టీ పక్షమున ఎన్.వి.ఎస్.ఎస్. ప్రభాకర్‌గారు, 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున బేతి సుభాష్‌రెడ్డిగారు ఎన్నికైరి. 2023లో, భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొనిన ఆ పక్షము నుండియే బండారి లక్ష్మారెడ్డిగారు గెలిచిరి. నాలుగు ఎన్నికలు, నలుగురు ప్రతినిధులు. ఓటు వేయుటలో ఉప్పల్, నాచారము పౌరులు స్వతంత్ర బుద్ధి గలవారే. కాని ఓటు వేసిన చేతితో లెక్క యడుగుట మనకింకను అలవడలేదు. వీధి దీపమునకు, మురుగు కాలువకు, సిఫారసు ఉత్తరమునకు ప్రతినిధి గుమ్మము త్రొక్కుదుము. వైద్యమునకు ఎంత మంజూరైనది, ఎంత వ్యయమైనదని అడుగువారరుదు.

అడిగినచో ఏమి తెలియును? 2023-24 బడ్జెటు మొత్తము 2,90,396 కోట్లు. వైద్యారోగ్యమునకు కేటాయించినది 12,161 కోట్లు. పిమ్మట ప్రభుత్వము మారినది. 2024-25లో 2,91,159 కోట్లలో 11,468 కోట్లు. 2025-26లో 3,04,965 కోట్లలో 12,393 కోట్లు. మూడేండ్లును నూటికి ఇంచుమించు నాలుగు రూపాయలే! 2020 నాటికి రాష్ట్రములు తమ బడ్జెటులో నూటికి ఎనిమిదికి మించి ఆరోగ్యమునకు వెచ్చింపవలయునని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము నిర్దేశించినది. జెండా మారినది గాని పాలు మారలేదు. కావున ఇది ఒక పక్షమును నిందించి చేతులు కడుగుకొనదగిన విషయము కాదు.

నాచారము కార్ఖానాల ఊరు. ఇచటి కార్మికునకు ఈ లెక్క మరింత సమీపమైనది. కార్మిక రాజ్య బీమా పథకము క్రింద, 2019 జూలైలో సవరింపబడిన రేట్ల చొప్పున, 18,000 రూపాయల వేతనముగలవాడు నెలకు 135 రూపాయలు చెల్లించును. యజమాని 585 చెల్లించును. మొత్తము 720 రూపాయలు. ఆసుపత్రి వాకిట వరుసలో నిలుచు ఆ కార్మికుడు యాచకుడు కాడు. ముందుగా సొమ్ము చెల్లించి వచ్చిన హక్కుదారు. నాచారములోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నిర్వహణలోనిది. కావున అందలి వైద్యులెందరు, ఖాళీలెన్ని, మందుల కొనుగోలునకు ఎంత విడుదలైనదని సభలో అడుగు హక్కు మన ప్రతినిధికి కలదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో అయిదు లక్షల నుండి పది లక్షలకు పెంచబడినది, అది మెచ్చదగినదే. కాని శస్త్రచికిత్సకు పది లక్షలున్నను, మధుమేహమునకు, రక్తపుపోటునకు దినదినము మ్రింగు మాత్ర బస్తీ దవాఖానాలో దొరకనిచో, ఆ రోగి నేడో రేపో శస్త్రచికిత్స బల్లకే చేరును. పెద్ద పద్దును పొగడి చిన్న పద్దును మరచుట ఇల్లాలికి తగదు, రాజ్యమునకును తగదు.

“మా సభ్యుడు ప్రతిపక్షమువాడు, ఏమి చేయగలడు?” అని కొందరందురు. న్యాయవాదిగా ఒకమాట చెప్పెదను. రాజ్యాంగము 203వ అధికరణము ప్రకారము శాసనసభ పద్దును ఆమోదింపవచ్చును, నిరాకరింపవచ్చును, తగ్గింపవచ్చును, పెంచజాలదు. పాలకపక్ష సభ్యుడైనను సభలో లేచి ఒక్క రూపాయి అధికముగా వ్రాయింపలేడు. నిజమైన బేరము సభకు ముందే, శాఖలు తమ అంచనాలను ఆర్థికశాఖకు పంపునప్పుడు జరిగిపోవును. సభలో మిగులునది ప్రశ్న, కోత తీర్మానము, చర్చ. ఈ మూడును ప్రతిపక్ష సభ్యునకును కలవు. అయితే ప్రశ్న పదునెక్కవలయునన్న విషయము మననుండియే పోవలయును గదా! ఏ దవాఖానాలో ఏ మందు ఎన్నాళ్లుగా లేదో మనకుగాక ఎవరికి తెలియును?

కావున మా సూచన సులభమైనది. ఏటేట రెండు సభలు జరుగవలయును. కార్తీకమున, అంచనాలు తయారగు వేళ, ఉప్పల్‌లో ఒకటి. అందు పౌరులు తమ వైద్యావసరములను వ్రాసి ఇత్తురు. బడ్జెటు ఆమోదము పొందిన పిమ్మట నాచారమున రెండవది. అందు ప్రతినిధి తానేమి అడిగెనో, ఏమి లభించెనో, ఏది లభింపలేదో చెప్పును. గత సంవత్సరపు కేటాయింపు ప్రక్కన వాస్తవ వ్యయమును చదివి వినిపించును. కాగితముపై మంజూరైన కోటి ఖర్చు కానిచో రోగికి అది కాసుకు కొరగాదు. పూలదండలు, వేదికలు అక్కరలేదు. పఠనమందిరమున ఒక బల్ల చాలును.

లక్ష్మారెడ్డిగారే ఈ ఆచారమునకు నాంది పలికినచో వారికి కీర్తి, తరువాత వచ్చువారికి కట్టుబాటు. పిలువవలసినది మాత్రము మనమే. అడుగనిదే అమ్మయైనను పెట్టదన్నది పెద్దలమాట.